మణికట్టు తిమ్మిరికి నరాల పరీక్ష, రాత్రి పట్టీ: చాలాకాలం వాడాక

కార్పల్ టన్నెల్, అంటే మణికట్టులోని ఇరుకు సొరంగంలో నరం నొక్కుకుపోయే జబ్బుకు రాత్రి కట్టుకునే పట్టీ గురించి రాయాలంటే ముందు నరాల పరీక్ష గురించి చెప్పాలి. చేతిలో తిమ్మిరి మణికట్టు వల్లే రావాలని లేదు. మెడ దగ్గర నరం నొక్కుకున్నా, మోచేతి దగ్గర నొక్కుకున్నా వేళ్లు మొద్దుబారతాయి. ఆ తేడా తెలియకుండా పట్టీ కొంటే నెలలు గడిచిపోతాయి తప్ప ఫలితం ఉండదు. ఈ వరుసే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం: ముందు పరీక్ష, ఆ తర్వాతే పట్టీ.

నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు నిద్రలో మొద్దుబారి మెలకువ వచ్చేది. చెయ్యి విదిలిస్తే కాసేపటికి సర్దుకునేది. పగలు ఫోను చెవికి ఆనించుకున్నా, పుస్తకం పట్టుకుని చదివినా, తడిబట్టలు పిండినా మళ్లీ మొదలయ్యేది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కళ్లతో చూసుకోవలసి వచ్చింది. రోజూ చేసే చిన్న పని అలా బరువైపోతే మనసు ఎంత చిన్నబోతుందో అనుభవిస్తేగాని తెలియదు.

డాక్టరు మొదట అడిగింది చిటికెనవేలి గురించి. అది బాగానే ఉందన్నాను. ఆ ఒక్క జవాబుతో చాలా తేలిపోతుందట. చిటికెనవేలికి వెళ్లే అల్నార్ నరం మణికట్టు సొరంగంలోంచి రాదు. అడుగున మణికట్టు ఎముకలు, పైన లిగమెంటు అనే గట్టి నారపొర ఉన్న ఆ సొరంగంలోంచి వేళ్లను ముడిచే తొమ్మిది తాళ్లలాంటి టెండన్లు, వాటితోపాటు మీడియన్ నరం వెళ్తాయి. లోపల కొంచెం వాపు వచ్చినా నలిగేది ఆ నరమే. బొటనవేలి నుంచి ఉంగరపువేలిలో సగం వరకు స్పర్శ దానిదే. తర్వాత మణికట్లు రెండూ కిందికి వంచి నిమిషంపాటు ఉంచమన్నారు. నిమిషం పూర్తికాకముందే తిమ్మిరి వచ్చింది. మణికట్టు మధ్యలో వేలితో తట్టి చూశారు, మెడ తిప్పించారు, బొటనవేలి బలం పరీక్షించారు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది కాబట్టి రక్తపరీక్షలూ రాశారు. గర్భిణులలో కూడా కనిపిస్తుంది, వాళ్లలో చాలామందికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది.

ఇక నెర్వ్ కండక్షన్ పరీక్ష, అంటే నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తుందో చూసే పరీక్ష. దీని గురించి విన్న భయాలన్నీ నిజం కంటే పెద్దవి. వేళ్లకు, అరచేతికి ఎలక్ట్రోడ్లు అంటించి మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర చిన్నపాటి షాకులు ఇస్తారు. వేలు దానంతటదే ఎగురుతుంది. నొప్పి అనలేను, ఉలికిపాటు అనవచ్చు. చివర్లో షాకు కాస్త పెంచినప్పుడు మాత్రం పళ్లు బిగపట్టాను. పరీక్ష కాగానే మామూలు పనుల్లోకి వెళ్లిపోవచ్చు, సెలవు పెట్టనక్కర్లేదు. ఆ రోజు చేతులకు నూనె, క్రీము రాసుకోకూడదు. ఉంగరాలు, గడియారం తీసేయాలి. పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. కండరంలో సన్నని సూది గుచ్చి చూసే ఈఎంజీ అందరికీ అవసరం ఉండదు. నాకు అక్కర్లేదన్నారు.

చేతులు వెచ్చగా ఉండాలన్నది మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. చర్మం చల్లబడితే ఆరోగ్యంగా ఉన్న నరం కూడా నెమ్మదించినట్టు కనిపిస్తుంది. నేను వెళ్లినచోట గది బాగా చల్లగా ఉంది. పరీక్ష చేసినాయన నా చేతులు ముట్టుకుని చూసి, వెచ్చబరిచి, ఆ తర్వాతే మొదలుపెట్టారు. అంత శ్రద్ధగా చేసినాయన మీద నాకు గౌరవం కలిగింది. అయితే ఆ కేంద్రం ఇచ్చిన నివేదిక మీద ఫిర్యాదు ఉంది: పేజీ నిండా అంకెలే, వివరణ ఒక్క వాక్యం లేదు. రోగి చేతికిచ్చే కాగితం ఇలా ఉండడం అన్యాయం.

అర్థం చెప్పింది మళ్లీ డాక్టరే. నరం చుట్టూ కరెంటు తీగ మీది తొడుగులా మయెలిన్ ఉంటుంది. ఒత్తిడి ముందు దాన్ని దెబ్బతీస్తుంది, అందుకే సంకేతం ఆలస్యమవుతుంది. ఒత్తిడి అలాగే కొనసాగితే లోపలి తంతువులే పోతాయి, బొటనవేలి మొదట్లో కండ పలచబడుతుంది. నాది ఇంకా మొదటి దశలోనే ఉందని తేలింది. ఫలితం మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదట. తొలిదశలో కొందరికి అంకెలు బాగానే ఉంటాయి, అప్పుడు లక్షణాలను బట్టే నిర్ణయిస్తారు. అంకెలు బాగున్నాయని అంటూ మీ బాధను ఎవరైనా కొట్టిపారేస్తే ఊరుకోకండి.

ఆ తర్వాత కొన్న పట్టీ లోపల ఒక లోహపు బద్ద ఉంది. దుకాణాల్లో దొరికే పట్టీలలో చాలావాటికి ఆ బద్ద మణికట్టును పైకి వంచేలా ఉంటుంది. కార్పల్ టన్నెల్‌కు కావలసింది అది కాదు. మణికట్టు కిందికి వంగినా, పైకి లేచినా సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. దాదాపు తిన్నగా ఉన్నప్పుడే ఒత్తిడి తక్కువ. ఫిజియోథెరపిస్టు బద్దను సంచిలోంచి బయటికి తీసి, దాదాపు చదునుగా వంచి మళ్లీ దూర్చారు. ఈ పట్టీ గురించి నేను చెప్పగల అతి విలువైన మాట ఇదే. మెత్తని ఎలాస్టిక్ తొడుగులు మణికట్టును ఆపలేవు, ఈ పనికి వాటిని కొనవద్దు.

రాత్రి మెలకువలు మొదటి వారాల్లోనే బాగా తగ్గాయి. పగటి తిమ్మిరి తగ్గడానికి చాలా ఎక్కువకాలం పట్టింది. వేళ్ల కొసల్లో మొద్దుతనం అన్నిటికంటే చివర పోయింది, అదీ పూర్తిగా కాదు. ఒకటి రెండు రాత్రులు కట్టుకుని పనిచేయలేదని పక్కన పడేసేవాళ్లు కనీసం ఆరువారాలు ఓపిక పట్టాలి. పగలు దాంతో టైపు చేయడం నాకు నచ్చలేదు. మణికట్టు కదలకపోయేసరికి భారమంతా భుజం మీద పడింది.

వాడకంలో ముందుగా పాడయ్యేది వెల్క్రో. దానికి పోగులు పట్టి పట్టు సడలుతుంది. పాత టూత్‌బ్రష్‌తో గీకితే చాలావరకు తిరిగి పట్టుకుంటుంది. ఉతికేముందు బద్ద తీసేసి, వెల్క్రో అంటించేయాలి. చెమటకు వాసన వస్తుంది, లోపల పలచని నూలు తొడుగు వేసుకుంటే నయం. బొటనవేలి దగ్గరి కుట్టు ఒరుసుకోవడం ఈ పట్టీలో నిజమైన లోపం. పట్టీ అరచేతి మీది పెద్ద గీత దాటకూడదు, దాటితే వేళ్లు ముడవడానికి అడ్డు వస్తుంది. బిగుతుగా కడితే అదే కొత్త తిమ్మిరి తెస్తుంది. పట్టీ కింద ఒక వేలు దూరాలి.

ఎప్పుడూ వదలని మొద్దుతనం, వస్తువులు చేజారడం, బొటనవేలి కింది కండ తగ్గడం ఉన్నవాళ్లు పట్టీతో కాలయాపన చేయకూడదు. నొప్పి తగ్గుతూ కండ పలచబడుతుంటే అది కోలుకోవడం కాదు. లిగమెంటును కోసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉన్నది అలాంటి అవసరాలకు.

మధ్యలో మరోసారి పరీక్ష చేయించాను. సంకేతం కొంత వేగం పుంజుకుంది కానీ ఇంకా మామూలు స్థాయికి రాలేదు, నిద్ర మాత్రం హాయిగా పడుతోంది. ఎడమచేతిలోనూ స్వల్పంగా ఆలస్యం కనిపించింది. ఇది చాలామందికి రెండు చేతుల్లోనూ వస్తుంది కాబట్టి, రెండింటికీ పరీక్ష చేయమని అడగండి. ఎడమచేతికి పట్టీ కొంటే ఆ చేతికి కుట్టిందే కొంటాను. ఏ చేతికైనా సరిపోతుందని అమ్మేవి నా బొటనవేలి దగ్గర సరిగా కూర్చోలేదు.