బెంగళూరులో తెలుగులో ఆఫ్రికా తత్వశాస్త్రం: ఆదివారపు పాఠాలపై ఒక సమీక్ష

బెంగళూరు మల్లేశ్వరంలో తెలుగువారు నడుపుకుంటున్న ఒక చిన్న అధ్యయన బృందం ఈ ఏడాది ఆఫ్రికా తత్వశాస్త్రం, నీతి, సామాజిక న్యాయం అనే అంశంపై ఆదివారాల్లో పాఠాలు ఏర్పాటు చేసింది. మొత్తం 8 తరగతులు. రుసుము 1,800 రూపాయలు, విద్యార్థులకు అందులో సగం. బోధన అంతా తెలుగులోనే సాగుతుంది. చదవవలసిన వ్యాసాలు ఇంగ్లీషులో ఉన్నా, ప్రతి వ్యాసానికీ రెండు పేజీల తెలుగు సారాంశం ముందుగానే చేతికి ఇస్తారు. ఈ పాఠాలకు వెళ్ళమని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఒక ముఖ్యమైన చోట మాత్రం ఇవి నన్ను నిరాశపరిచాయి.

ప్రకటన చూసినప్పుడు నాకు కొంత అనుమానం కలిగింది. దాని మీద 'మనమున్నాం కాబట్టి నేనున్నాను' అనే భావం పెద్ద అక్షరాలతో ఉంది. కెన్యా ఆలోచనాపరుడు జాన్ మ్బీటి 1969లో ప్రచురించిన పుస్తకం ద్వారా ప్రసిద్ధమైన ఈ భావాన్నీ, దక్షిణాఫ్రికాలో ఉబుంటు అని పిలిచే నీతినీ ఉద్యోగుల శిక్షణ శిబిరాల్లో కలిసిమెలిసి పనిచేయమనే ఉపదేశంగా వాడటం ఈ నగరంలో చాలామందికి అనుభవమే. ఆఫ్రికా అంటే సామెతలు, పెద్దలు, సామరస్యం అనే బొమ్మే ఇక్కడా కనిపిస్తుందేమో అనుకున్నాను.

మొదటి తరగతే ఆ అనుమానం తీర్చింది. పదవీ విరమణ చేసిన తత్వశాస్త్ర అధ్యాపకులైన మాష్టారు ఉబుంటుతో కాక, ఒక తగాదాతో మొదలుపెట్టారు. బెల్జియం మిషనరీ ప్లసీడ్ టెంపెల్స్ 1945లో మధ్య, దక్షిణ ఆఫ్రికాల్లో బంటూ భాషలు మాట్లాడే ప్రజలందరికీ కలిపి ఒకే తత్వాన్ని ఆపాదిస్తూ పుస్తకం రాశాడు. బెనిన్ దేశస్థుడు పౌలిన్ హూంటోంజి 1970లలో ఈ పద్ధతిని తీవ్రంగా ఖండించాడు. ఒక జాతి మొత్తం ఒకేలా ఆలోచిస్తుందని చెప్పడం ఆ జాతిని గౌరవించడం కాదనీ, వ్యక్తులు తమ పేరు మీద వాదించుకుని విభేదించుకుంటేనే తత్వశాస్త్రం పుడుతుందనీ ఆయన వాదం. అయితే రాతలో లేని ఆలోచన మాటేమిటి? దీనికి కెన్యాలో హెన్రీ ఒడేరా ఒరూకా వెతికిన సమాధానం నాకు చాలా నచ్చింది. ఆయన పల్లెల్లోని జ్ఞానవృద్ధులతో సంభాషణలు నమోదు చేసి, సంప్రదాయాన్ని ఒప్పజెప్పేవారినీ, దాన్ని నిలదీసి తమ మాట తాము చెప్పేవారినీ వేరుచేసి చూపించాడు. పాఠాలను ఇక్కడ ప్రారంభించడం వల్ల ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆలోచననూ ఒక మనిషి చేసిన వాదంగా, కాదనగలిగిన వాదంగా వినగలిగాం.

ఈ కోర్సుకు ప్రాణం మూడు, నాలుగు తరగతులు. నైజీరియాకు చెందిన ఇఫెయాని మెంకిటి 1984లో ప్రచురించిన వ్యాసం ప్రకారం మనిషితనం పుట్టుకతో వచ్చేది కాదు. సమాజంలో బాధ్యతలు నెరవేరుస్తూ, కాలక్రమంలో సంపాదించుకునేది. అందులో విఫలం కావడానికి కూడా వీలుంది. సమాజం ముందు, వ్యక్తి తర్వాత. మాష్టారు దీన్ని బోర్డు మీద రాసి వివరిస్తుండగా, గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న ఒకామె లేచి నిలబడ్డారు. "మాష్టారూ, మనిషి అనే గుర్తింపు ఇచ్చేది సమాజమే అయితే, మా పేటను ఊరి బయట పెట్టింది కూడా ఆ సమాజమే కదండీ. వాళ్ళు ఇవ్వకపోతే మేం మనుషులం కామా?" అని అడిగారు. ఆయన దాటవేయలేదు. "ఈ వ్యాసంలో దీనికి జవాబు లేదమ్మా. వచ్చే వారం గ్యెక్యె దగ్గర వెతుకుదాం" అని చెప్పి, మిగిలిన సమయమంతా ఆ ప్రశ్న మీదే చర్చ సాగనిచ్చారు.

మాట ఇచ్చినట్టే తర్వాతి వారం పూర్తిగా ఘనాకు చెందిన క్వామె గ్యెక్యెకు కేటాయించారు. సమాజం మనిషిని తీర్చిదిద్దుతుందని గ్యెక్యె కూడా ఒప్పుకుంటాడు గాని, మనిషి అంతా అదేనని ఒప్పుకోడు. వివేచన, నైతిక స్పృహ మనిషికి స్వతహాగా ఉన్నాయి కాబట్టి, తాను పుట్టిన సమాజపు విలువలను తూచి, పనికిరానివాటిని తిరస్కరించే అధికారం అతనికి ఉంటుంది. మనుషులందరూ దేవుని బిడ్డలే, ఎవరూ మట్టి బిడ్డ కారు అనే, ఘనాలోని అకాన్ ప్రజల నానుడిని ఆయన దీనికి ఆధారంగా తీసుకుంటాడు. గౌరవం పుట్టుకతోనే ఉంది, ఎవరూ మంజూరు చేయనక్కర లేదు అన్నమాట. నర్సుగారి ప్రశ్నకు ఇది సూటి జవాబు. అయినా హక్కుల కంటే బాధ్యతలకే గ్యెక్యె ఎక్కువ బరువిచ్చాడన్న విమర్శను కూడా మాష్టారు దాచకుండా చెప్పారు.

అదే దారిలో క్వాసి విరెడు పాఠం కూడా పండింది. ఘనాకే చెందిన విరెడు, మెజారిటీ ఓటు ఓడినవారిని నిర్ణయానికి బయటే వదిలేస్తుందని, అకాన్ సభల్లో వంశపెద్దలు ఏకాభిప్రాయం కుదిరేదాకా మాట్లాడుకునే పద్ధతి నుంచి పార్టీలు లేని ప్రజాస్వామ్యాన్ని ఊహించవచ్చని వాదించాడు. వింటున్న మాకందరికీ రచ్చబండ గుర్తొచ్చింది. దాని మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు దూరంగా చేతులు కట్టుకు నిలబడ్డారు అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను చంపడానికి ముందు అక్కడ వారిపై సాంఘిక బహిష్కరణ నడిచింది. వెలివేత కూడా ఊరి పెద్దల ఏకాభిప్రాయమే కదా అని ఒకరు అన్నారు. విరెడు తరఫున మాష్టారు చెప్పిన సమాధానం నేను ఇంకా ఆలోచిస్తున్నాను: ఏకాభిప్రాయం అంటే అందరి నమ్మకాలూ ఒకటి కావడం కాదు, చేయవలసిన పని గురించి విభేదాన్ని అందరూ ఇష్టపూర్వకంగా పక్కన పెట్టడం; ప్రతి ఒక్కరికీ ప్రాతినిధ్యం హక్కుగా లేనిచోట విరెడు చెప్పిన ఏకాభిప్రాయమే లేదు. ఈ వాదం నన్ను పూర్తిగా ఒప్పించలేదు. భూమి కొందరి చేతిలోనే ఉన్న ఊళ్ళో కూలివాడు ఇష్టపూర్వకంగా తలూపాడని ఎలా తేలుస్తాం?

దక్షిణాఫ్రికా పాఠం గురించే నా ఫిర్యాదు. మొదటి సగం బాగుంది. 1993 నాటి తాత్కాలిక రాజ్యాంగం చివరి భాగంలో అవగాహన కావాలి గాని పగ కాదు, పరిహారం కావాలి గాని ప్రతీకారం కాదు అనే అర్థమిచ్చే మాటల పక్కనే ఉబుంటు పేరు ఉంది. 1995లో మక్వన్యానే కేసులో మరణశిక్షను రద్దు చేస్తూ రాజ్యాంగ న్యాయస్థానంలో పలువురు న్యాయమూర్తులు దాన్ని ప్రస్తావించారు. ఈ రాజ్యాంగ భాగాన్నీ, తీర్పునూ గట్టిగా చదివించి, ఒక్కో వాక్యం మీద ఆగుతూ చెప్పడం వల్ల, నీతి భావన చట్టంలోకి ఎలా ప్రవేశిస్తుందో కళ్ళకు కట్టింది.

ఆ తర్వాత, వర్ణవివక్ష పాలన (అపార్థైడ్) కాలపు నేరాలను విచారించడానికి ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన ఏర్పడిన సత్య, సమన్వయ కమిషన్ వద్దకు వచ్చేసరికి పాఠం క్షమాభిక్ష కథలతో నిండిపోయింది. రాజకీయ ఉద్దేశంతో చేసిన నేరాలను పూర్తిగా బయటపెట్టినవారికి అక్కడ శిక్ష నుంచే కాదు, సివిల్ దావా నుంచి కూడా విముక్తి లభించింది. పోలీసు నిర్బంధంలో 1977లో మరణించిన వర్ణవివక్ష వ్యతిరేక నాయకుడు స్టీవ్ బీకో కుటుంబం, మరికొందరు దీన్ని న్యాయస్థానంలో సవాలు చేసి 1996లో ఓడిపోయారు. అంటే బాధితులు నష్టపరిహారం కోరే దారి మూసుకుపోయి, ఆ భారం ప్రభుత్వం మీద పడింది. ప్రభుత్వం చివరికి 2003లో, కమిషన్ సూచించినదానికంటే తక్కువగా, ఒక్కొక్కరికి ఒకేసారి 30,000 రాండ్లు ఇస్తామని ప్రకటించింది. సామాజిక న్యాయం అని పేరు పెట్టుకున్న కోర్సులో ఈ భాగానికి దక్కింది చివరి కొద్ది నిమిషాలే. నల్లవారి నుంచి లాక్కున్న భూమి ప్రస్తావన అసలే రాలేదు. క్షమించమని బాధితుణ్ణి అడిగే సమాజం తిరిగి అతనికి ఏమి బాకీ పడిందో లెక్క చూడకపోతే, ఉబుంటు గురించిన చర్చ సగంలో ఆగినట్టే.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. టాంజానియా తొలి అధ్యక్షుడు నైరేరే, ఆయన సోషలిస్టు విధానాన్ని ప్రకటించిన 1967 అరూషా ప్రకటన, తర్వాత అక్కడ రైతులను బలవంతంగా కొత్త గ్రామాలకు తరలించడం అన్నీ ఒకే తరగతిలో పరుగెత్తాయి. స్త్రీ ఆలోచనాపరుల్లో నైజీరియాకు చెందిన ఒయెరోంకె ఒయెవుమి ఒక్కరే, అదీ ఆఖరి వారం. జిరాక్స్ ప్రతులు కొన్ని చదవలేనంత మసకగా వచ్చాయి. బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, మెట్రోలో రావడమే సుఖం.

న్యాయశాస్త్రం చదివేవారికీ, కులం గురించి పనిచేస్తున్నవారికీ, తత్వశాస్త్రం అంటే గ్రీకులు, జర్మన్లు మాత్రమే అని విన్నవారికీ ఇది తప్పక పనికొస్తుంది. ఇంగ్లీషు వ్యాసాలు చదవలేమని వెనకాడనక్కర లేదు. సారాంశాలతోనే చర్చలో పాల్గొన్నవారు మాలో చాలామంది ఉన్నారు. పరిహారానికి, భూమికి ఒక పూర్తి తరగతి కేటాయించమని మేం కొందరం రాసి ఇచ్చాం. తర్వాతి బ్యాచ్‌లో చేరుస్తామని నిర్వాహకులు చెప్పారు. చేర్చితే ఆ ఒక్క తరగతి కోసం నేను మళ్ళీ డబ్బు కట్టి వెళ్తాను.