మ్యూనిక్‌లో మూడు నెలలు: ఆదివారాలు, ఖాళీ సీసాలు, ఇజార్ ఒడ్డు

2024 ఏప్రిల్ మొదటి వారంలో ఆఫీసు పని మీద జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి జూన్ ఆఖరు వరకు ఉన్నాను. వారం, పది రోజుల ప్రయాణాలు అంతకుముందు చేశాను గానీ, పరాయి దేశంలో బియ్యం కొనుక్కుని, బట్టలు ఉతుక్కుని, చెత్త పారబోసుకుంటూ ఉండటం అదే మొదటిసారి. కోటల గురించి, కొండల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నాలాగా రెండు మూడు నెలల కోసం వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రోజువారీ సంగతులు రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు రైల్వే స్టేషన్ దగ్గర హోటల్లో ఉన్నాను. గది శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్ కూడా బాగానే ఉండేది. కానీ గదిలో కెటిల్ లేదు, ఫ్రిజ్ లేదు. బట్టలు ఉతకడానికి ఇస్తే ఒక్కో చొక్కాకు విడిగా డబ్బులు. నేను శాకాహారిని. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఈ పూట ఎక్కడ తినాలా అని వెతుక్కోవడమే పెద్ద పని అయ్యేది. చీజ్‌తో చేసే ష్పెట్స్‌లే అనే వంటకం రుచిగా ఉంటుంది, దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. వరసగా నాలుగు రోజులు అదే తిన్నాక మాత్రం చారన్నం కోసం ప్రాణం లాగేసింది.

ఆ తర్వాత గీజింగ్ అనే పేటలో సామానుతో సహా అద్దెకిచ్చే ఒంటిగది ఫ్లాట్ తీసుకున్నాను. నెలకు లెక్క వేస్తే హోటల్ కంటే బాగా తక్కువ పడింది. మూడు వారాలు దాటి ఉండేవాళ్లు వంటిల్లు లేని చోట దిగొద్దనే నా సలహా. బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ ఉందా, మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లొచ్చా అన్నవి ముందే కనుక్కోండి. ఒప్పందం చేతికి రాకుండా అడ్వాన్స్ మాత్రం పంపొద్దు.

ఇంటావిడకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. తాళాలు ఇస్తూ అరగంట మాట్లాడారు. అందులో పది నిమిషాలు కిటికీల గురించే. అక్కడి కిటికీ పిడిని అడ్డంగా తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పై అంచు మాత్రమే లోపలికి వాలుతుంది. ఎంత చలిగా ఉన్నా రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు బార్లా తెరవమన్నారు. గోడలూ కిటికీలూ గాలి చొరబడనంత బిగుతుగా ఉంటాయి కాబట్టి వంట ఆవిరి, స్నానం ఆవిరి లోపలే ఉండిపోయి గోడలకు బూజు పడుతుందట. చారు మరిగించి, ఇంగువ పోపు పెట్టిన రోజున ఆ మాట విలువ తెలిసింది.

మిగతా ఇరవై నిమిషాలూ చెత్త గురించి. కాగితాలకు నీలం డబ్బా, కూరగాయల తొక్కలకు గోధుమరంగు డబ్బా, మిగిలిన చెత్తకు బూడిదరంగుది. గాజు సీసాలను వీధి చివర పెట్టిన పెద్ద డబ్బాలదాకా మోసుకెళ్లి తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమరంగువి వేరువేరుగా వేయాలి. రాత్రిపూట, ఆదివారాల్లో వేయకూడదు, పగిలే చప్పుడుకు చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది. ప్లాస్టిక్ నీళ్ల సీసా కొంటే ధరతో పాటు 25 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు, దాన్ని ఫాండ్ అంటారు. ఖాళీ సీసాను సూపర్ మార్కెట్లోని మెషీన్‌లో పెడితే చీటీ వస్తుంది, కౌంటర్లో చూపిస్తే డబ్బు తిరిగి ఇస్తారు. మొదటి వారం ఇది తెలియక హోటల్ చెత్తబుట్టలో ఎన్ని సీసాలు పారేశానో!

అసలు సీసా నీళ్లే కొననక్కర్లేదని తర్వాత తెలిసింది. మ్యూనిక్ కుళాయి నీళ్లు ఆల్ప్స్ దిగువన ఉన్న మాంగ్‌ఫాల్ లోయ నుంచి వస్తాయి. 1883 నుంచీ ఊరు ఆ నీళ్లే తాగుతోంది. చల్లగా, రుచిగా ఉంటాయి. వాటిలో సున్నం ఎక్కువ కాబట్టి కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది, వారానికోసారి వెనిగర్ పోసి మరిగిస్తే పోతుంది.

మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో దుకాణాలు రాత్రి 8 గంటలకు మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. శనివారం సాయంత్రం పాలు కొనడం మరిచిపోతే సోమవారం దాకా కాఫీ లేనట్టే. స్టేషన్‌లోనూ ఎయిర్‌పోర్ట్‌లోనూ ఉన్న దుకాణాలు తెరిచే ఉంటాయి, అవే దిక్కు. ఆ మే నెలలో 1, 9, 20, 30 తేదీలు కూడా సెలవులే. మొదట్లో చాలా చిరాకు పడ్డాను. ఒక ఆదివారం పొద్దున మినప్పప్పు రుబ్బుదామని మిక్సీ వేస్తే కింది ఫ్లాట్ ఆవిడ తలుపు తట్టారు. "ఈ రోజు ఆదివారం కదా!" అని మెల్లగా అన్నారు, అంతే. నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నమే రుబ్బేదాన్ని. ఆ చలికి పిండి పులిసేది కాదు. ఒవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా ఉంచితే చక్కగా పొంగింది.

ప్రయాణాలకు డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఒక్కటి ఉంటే చాలు. అప్పట్లో నెలకు 49 యూరోలు, 2025లో 58 ఉండేది. మెట్రో, ట్రామ్, బస్సు, దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, అన్నీ ఎక్కొచ్చు, వేగంగా వెళ్లే ఐసీఈల్లాంటి దూరప్రాంత రైళ్లు తప్ప. ఇది నెలనెలా దానంతటదే కొనసాగుతుంది. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి, లేకపోతే వచ్చే నెల డబ్బులు కూడా పోతాయి. మెట్రోలో గేట్లు ఉండవు కదా అని టికెట్ లేకుండా ఎక్కొద్దు, దొరికితే 60 యూరోలు జరిమానా. ఆస్ట్రియాలోని జాల్జ్‌బుర్గ్ స్టేషన్ దాకా ఈ టికెట్టే చెల్లుతుంది. పాస్‌పోర్ట్ మాత్రం దగ్గర పెట్టుకోండి. నేను వెళ్లిన రోజు తిరుగు రైలు రద్దయి, ప్లాట్‌ఫాం మీద గంటన్నర టెన్షన్‌గా గడిపాను. అందుకే ఆఖరి రైలు మీద ఆశ పెట్టుకోవద్దని చెబుతున్నాను.

రెండో లుడ్విగ్ రాజు కట్టించిన నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట బయటినుంచి, ముఖ్యంగా మరియన్ వంతెన మీద నుంచి, చాలా అందంగా ఉంది. లోపలి టూర్ మాత్రం తొందరతొందరగా నడిపించేశారనిపించింది. ఒక్క రోజే ఉంటే మ్యూనిక్‌లోని సైన్స్ మ్యూజియం, డాయిచెస్ మ్యూజియం చూడమంటాను. నాజీల కాలపు డాఖౌ నిర్బంధ శిబిరం ఇప్పుడు స్మారకం, ప్రవేశం ఉచితం. 1933 నుంచి 1945 దాకా అక్కడ జరిగింది చదువుతూ నడవడానికి సగం రోజు పడుతుంది. ఆ సాయంత్రానికి వేరే పనేమీ పెట్టుకోకండి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇజార్ నది. ఊరి మధ్యలో పారే ఆ నదిని ఒకప్పుడు కట్టలు వేసి కాలువలా మార్చేశారు. 2000 నుంచి 2011 దాకా ఓ ఎనిమిది కిలోమీటర్ల మేర ఆ కట్టలు తీసేసి, గులకరాళ్ల తిన్నెలు మళ్లీ ఏర్పడేలా చేశారు. జూన్‌లో రాత్రి 9 దాటాక గానీ చీకటి పడదు. ఆఫీసు నుంచి నేరుగా టాల్‌కిర్హెన్ స్టేషన్‌లో దిగి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. పిల్లలు ఈదుతుంటారు, ముసలివాళ్లు ఈదుతుంటారు. మాది హైదరాబాద్. ముక్కు మూసుకోకుండా మూసీ పక్కన నిలబడిన జ్ఞాపకం నాకు లేదు. అక్కడ కూర్చున్న ప్రతిసారీ మా మూసీ గుర్తొచ్చి మనసు బరువెక్కేది.

ఇంకొకటి చెప్పాలి. బవేరియాలో బీర్ గార్డెన్‌కు మన తిండి మనం పట్టుకెళ్లొచ్చు, అది అక్కడి పాత ఆనవాయితీ. గుడ్డ పరిచి లేని బల్లల దగ్గర కూర్చుని, తాగేది మాత్రం అక్కడ కొంటే చాలు. ఇంగ్లిష్ గార్డెన్ అనే పార్కులోని చైనా గోపురం దగ్గరికి ఒక శనివారం డబ్బా నిండా పులిహోర తీసుకెళ్లాను. ఆఫీసువాళ్లు రొట్టె, ముల్లంగి ముక్కలు తెచ్చారు. నేను ఆపిల్ రసంలో సోడా కలిపిన షోర్లె తాగాను. పులిహోర పది నిమిషాల్లో అయిపోయింది. చింతపండు గురించి అడిగినవాళ్లకు సమాధానం చెప్పడానికి అరగంట పట్టింది.

జ్వరం మాత్ర కూడా అక్కడ సూపర్ మార్కెట్లో దొరకదు, ఎర్రటి "ఎ" అక్షరం బోర్డున్న మందుల షాపులోనే కొనాలి. ఆదివారాల్లో వంతులవారీగా కొన్ని షాపులు తెరిచి ఉంటాయి. అత్యవసరం కాని జబ్బుకు వేళ కాని వేళలో డాక్టర్ కావాలంటే 116117, ప్రాణం మీదికొస్తే 112. ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో పెట్టుకోండి.

వచ్చేసే ముందురోజు మిగిలిన సీసాలు పదమూడు మెషీన్‌లో వేస్తే 3 యూరోల 25 సెంట్లు వచ్చాయి. ఇంటావిడ కిటికీలన్నీ తెరిచి గోడల మూలలు చూసుకుని, అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇచ్చేశారు. కింది ఫ్లాట్ ఆవిడకు మిగిలిన కందిపప్పు, పసుపు ఇచ్చాను. ఆవిడ తను చేసిన స్ట్రాబెరీ జామ్ సీసా చేతిలో పెట్టారు. జామ్ వారంలో అయిపోయింది. ఆ సీసాలో ఇప్పుడు మెంతులు పోసుకున్నాను.