అమలాపురం స్టేషన్: మట్టికట్ట మీదా, స్తంభాల మీదా?

కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయి ఉంటే కోనసీమ నడిబొడ్డున అమలాపురానికి స్టేషన్ ఉండేది. దాన్ని ఎత్తులో కట్టాలంటే రెండు దార్లు: మట్టికట్ట, లేదా స్తంభాలు.

మట్టికట్ట చవకే, కానీ చోటు మింగేస్తుంది. ఆరు మీటర్ల ఎత్తు, పైన సుమారు ఎనిమిది మీటర్ల వెడల్పు, ఒకటికి రెండు వాలు (మీటరు ఎత్తుకు పక్కకు రెండు మీటర్లు) అనుకుంటే అడుగున 32 మీటర్లు కావాలి. అదీ ఒక్క ట్రాక్‌కే. లూప్ లైను (రైళ్లు ఆగి దారిచ్చే పక్క ట్రాక్), ప్లాట్‌ఫారం వేస్తే ఇంకెన్ని కొబ్బరి చెట్లు పోవాలో! అసలు చిక్కు అడుగున ఉన్న మెత్తటి బంకమట్టిది. బరువు పడగానే నీరు వదలదు, నెలల తరబడి మెల్లగా వదులుతూ కుంగుతుంది. పైల్స్ (భూమిలోకి లోతుగా దించిన కాంక్రీటు స్తంభాలు) మీద నిలిచిన వంతెన మాత్రం కదలదు. అందుకే కట్టా వంతెనా కలిసేచోట పట్టాలు పల్లమవుతాయి. మట్టిలోని నీరు త్వరగా బయటికొచ్చేలా నిలువు డ్రెయిన్లు దించి, పైన అదనపు మట్టి పోసి ముందే కుంగనివ్వాలి. తూములు చాలకపోతే వానాకాలంలో ఎగువ చేలు మునుగుతాయి.

స్తంభాల కింద నీరు దాని దారిన అది పోతుంది. ఖర్చెక్కువ, లిఫ్టు తప్పనిసరి. పైల్ గొయ్యి అడుగున బురద తీయకుండా కాంక్రీటు పోస్తే స్తంభమూ దిగుతుంది.

ఊళ్లో స్తంభాలే మేలని మా అభిప్రాయం.