తనంతట తానే టైం సరిచేసుకునే గడియారం: వైఫై, జీపీఎస్, బ్లూటూత్, రేడియోల్లో ఏది మేలు?

తనంతట తాను టైం సరిచేసుకునే గోడ గడియారాలు ఇప్పుడు నాలుగు రకాలు దొరుకుతున్నాయి. ఇంటి వైఫై మీద ఇంటర్నెట్ నుంచో, ఇంట్లోని కంప్యూటర్ నుంచో టైం తెచ్చుకునేవి ఒక రకం. ఉపగ్రహాల నుంచి తీసుకునేవి జీపీఎస్ గడియారాలు. ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో బ్లూటూత్‌లో కలిసేవి మూడో రకం. రేడియో సంకేతాన్ని పట్టుకునేవి నాలుగోది. సంకేతం అందుతున్నంతసేపూ నాలుగూ గోడ గడియారానికి చాలినంత కచ్చితంగా ఉంటాయి. అందుకే ఎంత కచ్చితం అన్న లెక్కతో వీటిని పోల్చడం దండగ. మన ఇళ్లలో కరెంటు పోతుంది, నెట్ పోతుంది, రౌటర్ పాస్‌వర్డ్ మారుతుంది. అలాంటప్పుడు ఆ గడియారం ఏం చూపిస్తుందన్నదే చూడాలి.

మామూలు క్వార్ట్జ్ గడియారం ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చవక రకాల్లో నెలకు పది పదిహేను సెకన్ల తేడా వస్తుంది, అంటే ఏడాదికి రెండు మూడు నిమిషాలు. పడకగదికి అది చాలు. అయితే ఉదయం 10 గంటలకు ఏసీ తత్కాల్ తెరుచుకునే క్షణం కోసం కాచుకున్నప్పుడు, పురోహితుడు నిమిషాలతో సహా చెప్పిన ముహూర్తానికి పీటల మీద కూర్చున్నప్పుడు, ఇంట్లో నమ్మదగిన గడియారం ఒకటైనా ఉండాలనిపిస్తుంది.

ముందుగా రేడియో రకం. అమెరికా నుంచి వచ్చే పిల్లలు ‘అటామిక్ క్లాక్’ అని ప్రేమగా తెస్తుంటారు. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి డబ్ల్యూడబ్ల్యూవీబీ అనే స్టేషన్ 60 కిలోహెర్ట్జ్ మీద 1963 నుంచి ప్రసారం చేస్తోంది. రాత్రిపూట ఆ సంకేతం బాగా అందుతుంది, గడియారం దాన్ని పట్టుకుని దిద్దుకుంటుంది. పెన్సిల్ సెల్‌తోనే నడుస్తుంది, వైఫై అక్కర్లేదు, మార్చిలో, నవంబరులో గంట మార్పు కూడా అదే చేసుకుంటుంది. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. జర్మనీలో మైన్‌ఫ్లింగెన్ నుంచి 77.5 కిలోహెర్ట్జ్ మీద, బ్రిటన్‌లో ఆంథార్న్ నుంచి 60 కిలోహెర్ట్జ్ మీద ఇలాంటి ప్రసారాలే ఉన్నాయి. మన దేశంలో ఇలాంటి లాంగ్‌వేవ్ ప్రసారం లేదు. పైగా అమెరికా గడియారాల్లో చాలావాటికి అక్కడి నాలుగైదు టైమ్ జోన్లే ఉంటాయి, మన +5:30 (గ్రీన్‌విచ్ టైం కన్నా ఐదున్నర గంటలు ముందు) పెట్టుకునే వీలుండదు. గుంటూరు గోడ మీద అది మామూలు క్వార్ట్జ్ గడియారమే. తెచ్చినవాళ్ల మనసు కష్టపెట్టకుండా చేత్తో టైం పెట్టి వాడుకోవచ్చు, కానీ ఇక్కడి కోసం అక్కడ కొనొద్దు.

బ్లూటూత్ రకం చూడముచ్చటగా ఉంటుంది. కాగితంలాంటి తెర మీద టైంతోపాటు గది వేడి, తేమ కూడా చూపించేవి ఉన్నాయి. బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. చిక్కేమిటంటే, చాలావరకు మీరు ఫోన్‌లో ఆ యాప్ తెరిస్తేనే అవి టైం సరిచూసుకుంటాయి. మొదటి వారం తెరుస్తాం, తర్వాత మరిచిపోతాం. కొన్ని మోడళ్లలో ఇంకో లోపం ఉంది. టైమ్ జోన్‌ను పూర్తి గంటల్లోనే దాచుకుంటాయి కాబట్టి మన అరగంట వాటికి అర్థం కాదు. కంప్యూటర్ నుంచి చిన్న ప్రోగ్రాంతో అరగంట కలిపి పంపి నడిపించేవాళ్లున్నారు. ఆ ఓపిక ఉన్నవాళ్లకు సరే.

ఇక వైఫై. మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లకు సరిపడేది ఇదే, ఎక్కువ జాగ్రత్తగా ఎంచుకోవాల్సిందీ ఇదే. ఇది నెట్ మీద ఒక సర్వర్‌ను అడిగి టైం తెచ్చుకుంటుంది, ఆ పద్ధతి పేరు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ రూపొందించారు, 1985 నుంచి వాడుకలో ఉంది. ఏ సర్వర్‌ను అడగాలో ఎంచుకోనిచ్చే గడియారమైతే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్ పెట్టుకోవచ్చు. భారత ప్రామాణిక కాలాన్ని నిలబెట్టేది ఆ సంస్థే.

చవక వైఫై గడియారాల్లో చాలావాటికి సొంత జ్ఞాపకం లేదు. కరెంటు పోయి వచ్చిందనుకోండి. రౌటర్ లేచి నెట్ అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా గడియారం 5:30 దగ్గర మొదలవుతుంది. కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 సున్నా గంటల నుంచి లెక్కిస్తాయి, దానికి మన ఐదున్నర గంటలు కలిస్తే 5:30. నెట్ రాకపోతే అక్కడి నుంచే నడుస్తుంది. అర్ధరాత్రి లేచి చూసిన పెద్దవాళ్లు తెల్లవారిందనుకుని స్నానానికి వెళ్లే ప్రమాదం ఉంది. తప్పు టైం చూపించే గడియారం కన్నా ఆగిపోయిన గడియారం నయం, కనీసం ఆగిందని తెలుస్తుంది.

దీనికి మందు ఉంది. లోపల బటన్ సెల్‌తో నడిచే చిన్న ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్, అంటే టైంని సొంతంగా లెక్కపెట్టే) చిప్ ఉంటే కరెంటు, నెట్ రెండూ పోయినా టైం నిలుస్తుంది. డీఎస్3231 అనే చిప్ వాడినవైతే మరీ మంచిది, ఏడాదంతా ఒంటరిగా నడిచినా తేడా సుమారు ఒక నిమిషమే. డబ్బాపైన ‘ఆర్‌టీసీ బ్యాకప్’ అని లేకపోతే అమ్మేవాళ్లను అడగండి. జవాబు తడబడితే లేదనే అనుకోండి.

ఇంకో సంగతి. వీటిలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ కనబడదు. రౌటర్ మార్చినా, పాస్‌వర్డ్ మార్చినా గడియారానికి మళ్లీ నేర్పాలి. గడియారం తానే ఒక హాట్‌స్పాట్ పెడుతుంది, ఫోన్‌ను దానికి కలిపి బ్రౌజర్‌లో చాలాసార్లు 192.168.4.1 అని కొట్టాలి. ఇంట్లో కుర్రాళ్లు ఉంటే అయిదు నిమిషాల పని. అమ్మానాన్న ఇద్దరే ఉండే ఇంట్లో మాత్రం, పిల్లలు సెలవులకు వచ్చేదాకా ఆ గడియారం అలాగే ఉంటుంది.

ఇంట్లోని కంప్యూటర్‌నే టైంకి ఆధారం చేసుకోవడం నాకు నచ్చిన ఏర్పాటు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులో క్రోనీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే సర్వర్ ఎంచుకోనిచ్చే గడియారాలన్నిటినీ దాన్నే అడిగేలా పెట్టుకోవచ్చు. నెట్ రెండు రోజులు లేకపోయినా హాలుకీ వంటింటికీ తేడా రాదు. కానీ రాస్ప్‌బెర్రీ పై 5 కన్నా ముందొచ్చిన బోర్డుల్లో ఆర్‌టీసీ లేదు, పై 5లో ఉన్నా సెల్ విడిగా కొనాలి. పాత డెస్క్‌టాప్ వాడదామనుకుంటే ముందు మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ చూసుకోండి. అది అయిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజర్ వెబ్‌సైట్లన్నిటినీ అనుమానిస్తుంది. ఆ కంప్యూటర్, రౌటర్ రెండూ ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి.

జీపీఎస్ రకానికి నెట్ వద్దు, పాస్‌వర్డ్ వద్దు, యాప్ వద్దు. దానికి కావలసింది కాస్త ఆకాశం. ఆర్‌సీసీ స్లాబు కింద, నడిమి గదిలో సంకేతం అందదు. యాంటెన్నా తీగను కిటికీ దాకానో బాల్కనీ దాకానో లాగాలి. చాలాకాలం ఆపి పెట్టినప్పుడు మొదట్లో కొన్ని సెకన్లు తప్పు చూపొచ్చు, ఎందుకంటే లీప్ సెకన్ల (భూమి తిరుగుడుకు సరిపెట్టడానికి ప్రపంచ టైంకి అప్పుడప్పుడూ కలిపిన సెకన్ల) సమాచారాన్ని ఉపగ్రహాలు పన్నెండున్నర నిమిషాలకోసారి పంపుతాయి. కొట్లో ఏళ్లుగా పడి ఉన్న పాత సరుకు కొనొద్దు. జీపీఎస్ వారాల లెక్క 1024కు ఒకసారి సున్నాకు తిరుగుతుంది, 2019 ఏప్రిల్‌లో అలా తిరిగినప్పుడు కొన్ని పాత రిసీవర్లు తేదీ తప్పాయి.

ఊళ్లో పెద్దవాళ్లు ఉండే ఇంటికి నేను జీపీఎస్‌కే ఓటు వేస్తాను. ఒకసారి కిటికీ పక్కన బిగిస్తే ఇక ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లకు ఆర్‌టీసీ ఉన్న వైఫై గడియారం. పిల్లల గదికి మామూలు క్వార్ట్జ్ చాలు, నిద్ర చెడగొట్టే ఎల్ఈడీ వెలుగు దానికి ఉండదు.

ఆన్‌లైన్‌లో వైఫై రకం తెప్పిస్తే, వెనక్కి పంపే గడువు ఉండగానే ఒక పని చేయండి. టైం సరిగ్గా తెచ్చుకున్నాక రౌటర్ ఆపి, గడియారం ప్లగ్ పీకేయండి. పావుగంట తర్వాత గడియారం ఒక్కదాన్నే పెట్టి చూడండి. సరైన టైం కనిపిస్తే గోడకు మేకు కొట్టుకోవచ్చు. 5:30 కనిపిస్తే మళ్లీ డబ్బాలో పెట్టేయండి.