ఎర్ర గీత పడని తప్పులు: వర్డ్, ఎక్సెల్, కోరల్‌డ్రా, లిబ్రెఆఫీస్, గూగుల్ డాక్స్ స్పెల్ చెకర్ల సమీక్ష

బెంగళూరులో తెలుగువాళ్ళ పెళ్ళి శుభలేఖల్లో ఇంగ్లీషు పేజీ అడుగున ‘విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్’ అని ఒక వరుస ఉంటుంది. ఆ మూడో మాటలో ఎల్ తర్వాత ఐ రావాలి. చాలా కార్డుల్లో ఇ వస్తుంది. ఐ ఉంటే అభినందన, ఇ ఉంటే ఒకదాని లోటు పూడ్చే మరొకటి. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే కాబట్టి కంపోజింగ్ చేసిన కంప్యూటర్‌లో స్పెల్ చెక్ నడిపినా ఎర్ర గీత పడదు. రెజ్యూమేల్లోనూ ఇదే బాధ. ‘ప్రాజెక్ట్ మేనేజర్’లో రెండో ఎ ఎగిరిపోతే మిగిలేది పశువులకు మేత వేసే గాడి. అదీ మంచి ఇంగ్లీషు మాటే, కంప్యూటర్‌కి అభ్యంతరం ఉండదు.

స్పెల్ చెకర్ కొనే ముందు, వాడే ముందు తెలియాల్సిన అసలు సంగతి ఇదే. మామూలు చెకర్ చూసేది ఒక్కటే: ఈ అక్షరాల వరుస నా జాబితాలో ఉందా, లేదా? మీరు ఏం చెప్పదలచుకున్నారో దానికి పట్టదు. అందుకే ఈ సమీక్షలో ప్రతి చెకర్‌నీ అది పట్టుకునే తప్పులతో కాక, వదిలేసే తప్పులతో తూచాం. పైగా వదిలేసేవాటిలో సగానికి కారణం సాఫ్ట్‌వేర్ కాదు, ఎవరూ ముట్టుకోని సెట్టింగులు.

తెలుగు రాసేటప్పుడు చెవిని నమ్ముకుంటాం. ఒత్తు పలికితే రాస్తాం, పలకకపోతే రాయం. ఇంగ్లీషులో ఆ నమ్మకం పనికిరాదు. ఇంగ్లండుకి అచ్చుపని తెచ్చిన కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతూ వచ్చాయి. అదే కాలంలో అచ్చుల (వవెల్స్) ఉచ్చారణ మాత్రం మారిపోతూనే ఉంది. నోరు ఒక దారిన, రాత ఒక దారిన పోయాయి. యోధుడు అనే అర్థం వచ్చే ‘నైట్’ ముందు కె ఒకప్పుడు పలికేదే. ‘డెట్’లో బి అయితే ఎన్నడూ పలకలేదు, లాటిన్ మూలం కనపడాలని పండితులు తర్వాత దూర్చారు. ‘ఐలండ్’లో ఎస్ కూడా పలకనిదే, ఆ మాటకి లాటిన్ మూలం ఉందని పొరబడి చేర్చారు. అందుకే ఇంగ్లీషుకి సూత్రాలతో నడిచే చెకర్ కుదరదు, జాబితా కావాల్సిందే.

తెలుగువాళ్ళకి ఎక్కువ ఇబ్బంది జంట అక్షరాలతో. మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ వీధుల్లో పీజీ హాస్టళ్ళ బోర్డులు చూస్తే ‘అకామడేషన్’ ఒకే ఎమ్‌తో కనపడుతూ ఉంటుంది. సి రెండు, ఎమ్ రెండు ఉండాలి. ‘కమిటీ’లో ఎమ్ రెండు, టి రెండు, ఇ రెండు. ‘అకేషన్’లో సి రెండు, ఎస్ మాత్రం ఒకటే. అపార్ట్‌మెంట్ నోటీసుల్లో ‘మెయింటెనెన్స్’ అనే మాట ‘మెయింటెయిన్’ లోపలే ఉందనుకుని టి తర్వాత ఎ, ఐ రాస్తారు. ఉండాల్సింది ఒక్క ఇ. ఇలాంటివాటిని ఏ చెకరైనా పట్టుకుంటుంది, సరైన రూపాన్ని మొదటి సూచనగానే ఇస్తుంది. దానికో లెక్క ఉంది. టైపింగ్ తప్పుల్లో 80 శాతానికి పైగా నాలుగు రకాల్లో ఏదో ఒకటేనని కంప్యూటర్ పరిశోధకుడు డామెరో 1964లోనే చూపించాడు: ఒక అక్షరం ఎక్కువ కావడం, ఒకటి తగ్గడం, ఒకటి మారడం, పక్కపక్క రెండు తారుమారు కావడం. చెకర్ ఆ నాలుగు మార్పులూ చేసి చూసి, జాబితాలో దొరికినవాటిని ముందు పెడుతుంది. చెవిని బట్టి రాసిన మాటలో మూడు నాలుగు అక్షరాలు ఒకేసారి తేడా పడతాయి, సూచనలు దారి తప్పేది అక్కడే.

ముందు మైక్రోసాఫ్ట్ వర్డ్. ఇంగ్లీషు పని ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఇప్పటికీ ఇదే మా మొదటి ఎంపిక. అయితే పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే సగం పనే చేస్తుంది.

మొదటి లోపం పెద్ద అక్షరాలు. పూర్తిగా క్యాపిటల్స్‌లో ఉన్న మాటల్ని వర్డ్ అసలు చూడదు, ఆ సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. మనవాళ్ళ రెజ్యూమేల్లో శీర్షికలన్నీ క్యాపిటల్సే. ‘ప్రొఫెషనల్ ఎక్స్‌పీరియన్స్’లో ఎఫ్ రెండు పెట్టి ఎస్ ఒకటే పెట్టినా గీత పడదు. కిందున్న చిన్న అక్షరాల పేరాల్లో ప్రతి కామా సరిగా ఉండి, అన్నిటికంటే పెద్దగా కనపడే శీర్షికలో తప్పు ఉండిపోయేది ఇందువల్లే. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్ళి ‘ఇగ్నోర్ వర్డ్స్ ఇన్ అప్పర్‌కేస్’ ముందున్న టిక్ తీసెయ్యండి. కంపెనీల పొట్టిపేర్ల కింద కొన్ని గీతలు కొత్తగా పడతాయి, భరించాలి. అక్కడే ‘ఫ్రీక్వెంట్లీ కన్‌ఫ్యూజ్డ్ వర్డ్స్’ ఉంటే టిక్ పెట్టండి. ‘దెయిర్’, ‘దేర్’ లాంటి జంటల్లో కొన్నిటిని సందర్భాన్ని బట్టి పట్టుకుంటుంది. అన్నిటినీ పట్టుకోదు.

రెండో లోపం, ఒక్క గీత కూడా పడని ఫైలు. స్నేహితుడి రెజ్యూమే తీసుకుని పేరు మార్చి వాడుకోవడం ఇక్కడ మామూలే. ఆ ఫైల్లో స్పెల్ చెక్ కట్టేసి ఉంటే మీ తప్పులు కూడా కనపడవు. కంట్రోల్ ఎ కొట్టి మొత్తం సెలెక్ట్ చేసి, రివ్యూ, లాంగ్వేజ్, ‘సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్’లోకి వెళ్ళండి. ‘డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్’ టిక్ తీసి, భాష ఎంచుకోండి. తర్వాత ప్రూఫింగ్ పేజీ అడుగున ‘హైడ్ స్పెల్లింగ్ ఎర్రర్స్ ఇన్ దిస్ డాక్యుమెంట్ ఓన్లీ’ కూడా తీసెయ్యండి. పాత యజమాని ఎప్పుడో ‘ఇగ్నోర్ ఆల్’ కొట్టి ఉంటే అదీ పోవాలి కాబట్టి అదే పేజీలో ‘రీచెక్ డాక్యుమెంట్’ నొక్కండి. ఇక ఆల్ట్ ఎఫ్7 కొడుతూ పోతే ఒక్కో తప్పు దగ్గరా ఆగుతుంది.

వర్డ్‌లో మాకు బాగా నచ్చిన సౌకర్యం, చాలామందికి తెలియనిది, వెలివేత జాబితా. డిక్షనరీలో ఉన్నా సరే, ఫలానా మాట కనపడితే గీత పెట్టమని చెప్పొచ్చు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని కొట్టి ఎంటర్ చేయండి. అందులో మైక్రోసాఫ్ట్, దాని లోపల యూప్రూఫ్ ఫోల్డరు. అక్కడ ‘ఎక్స్‌క్లూడ్ డిక్షనరీ’ అని మొదలై లెక్స్‌తో ముగిసే ఫైళ్ళుంటాయి. పేరులో 0409 ఉంటే అమెరికా ఇంగ్లీషు, 0809 బ్రిటన్, 4009 ఇండియా. మీరు వాడే భాష ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, వరుసకో మాట చొప్పున అన్నీ చిన్న అక్షరాల్లో రాసి సేవ్ చేసి, వర్డ్ మూసి తెరవండి. బహువచనం కావాలంటే అది వేరే వరుసలో రాయాలి. మొదట వేయాల్సినవి: గాడి అనే అర్థం వచ్చే ఆ మాట, ‘పబ్లిక్’లో ఎల్ పోతే మిగిలే మాట, ఇ ఉన్న ‘కాంప్లిమెంట్స్’. బ్యాంకు, కాలేజీ పనులుంటే ‘స్టేషనరీ’లో ఆర్ ముందు ఎ ఉన్నదాన్ని కూడా వేయండి, ఎందుకంటే కాగితాలు, పెన్నుల స్టేషనరీకి అక్కడ ఇ ఉండాలి. ‘ఫామ్’, ‘ఫ్రమ్’ జంటను మాత్రం వేయొద్దు. రెండూ నిత్యం వాడేవే, పేజీ అంతా ఎర్రబడుతుంది.

మూడోది భాష. అమెరికా క్లయింటుకి వెళ్ళే డాక్యుమెంటుకి అమెరికా ఇంగ్లీషు, ఇక్కడి కాలేజీకీ ప్రభుత్వ ఆఫీసుకీ వెళ్ళేదానికి ఇండియా లేదా బ్రిటన్. బ్రిటన్ పద్ధతిలో ‘లైసెన్స్’, ‘ప్రాక్టీస్’ నామవాచకమైతే చివరి ఇ ముందు సి, క్రియ అయితే ఎస్. రెండూ చెల్లే మాటలే కనుక స్పెల్ చెక్ ఊరుకుంటుంది. అలాగే ‘ఆర్గనైజ్’ లాంటివాటిని ఎస్‌తో రాసినా జెడ్‌తో రాసినా బ్రిటన్ ఇంగ్లీషులో వర్డ్ ఒప్పుకుంటుంది. కాబట్టి ఒకే రిపోర్టులో రెండూ కలిసిపోతాయి. కంట్రోల్ ఎఫ్‌తో ‘ఐ జెడ్ ఇ’ వెతికి ఒక్కోటీ చూడండి. ‘రీప్లేస్ ఆల్’ మాత్రం కొట్టొద్దు, ‘సైజ్’, ‘ప్రైజ్’ చెడిపోతాయి. అటువైపు ‘అడ్వైజ్’, ‘సూపర్‌వైజ్’, ‘ఎక్సర్‌సైజ్’ అమెరికాలో కూడా ఎస్‌తోనే.

ఎక్సెల్ విషయం రెండు మాటల్లో. టైప్ చేస్తుంటే గీతలు పడవు, ఎఫ్7 మీరే కొట్టాలి. తెరిచి ఉన్న షీటునే చూస్తుంది, ఫార్ములా ఉన్న గడుల్ని వదిలేస్తుంది. ఇన్‌వాయిస్ శీర్షిక ఫార్ములాతో వస్తుంటే దాన్ని కంటితో చదువుకోవాల్సిందే.

చిక్‌పేట, సుల్తాన్‌పేట వైపు కార్డులు అచ్చు వేయించుకునేవాళ్ళు అక్కడ డిజైన్‌కి వాడే కోరల్‌డ్రా గురించి తెలుసుకోవాలి. దాన్లో స్పెల్ చెక్ ఉంది, కంట్రోల్ ఎఫ్12. ఉన్నదని అడిగేవాళ్ళే తక్కువ. అచ్చుకి పంపే ముందు ఫాంటు మారిపోకుండా అక్షరాల్ని కంట్రోల్ క్యూతో కర్వ్స్ చేస్తారు. ఆ క్షణం నుంచి అవి అక్షరాలు కావు, గీసిన బొమ్మలు. ఏ చెకరూ చదవలేదు, ఆపరేటరు కూడా ఒక్క అక్షరం మార్చాలంటే పాత ఫైలు వెతుక్కోవాలి. అందువల్ల కర్వ్స్ కాకముందే స్పెల్ చెక్ చేయమనండి, కర్వ్స్ చేయని కాపీ ఒకటి విడిగా ఉంచమనండి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, ఇంగ్లీషు భాగాన్ని మీరే వర్డ్‌లో కొట్టి, సరిచూసి, ఫైలుగా ఇవ్వండి. చేతిరాత కాగితం ఇవ్వొద్దు. శుభప్రదం అనే అర్థమున్న ‘ఆస్పిషస్’లో మొదటి ఎ బదులు ఎస్ పడితే ‘అనుమానాస్పదం’ అయిపోతుంది, అదీ ఎర్ర గీత లేకుండా.

పేర్ల దగ్గర ఏ చెకరూ నమ్మదగ్గది కాదు. తెలుగు, కన్నడ పేర్లలో త అక్షరానికి టి, హెచ్ కలిపి రాస్తాం, ఉత్తరాదివాళ్ళు టి ఒక్కటే రాస్తారు. స్వాతి, గీత, కవిత అన్నిటికీ రెండేసి రూపాలు. శ్రీనివాస్‌కి ఐ ఒకటా, ఇ రెండా? ఆధార్‌లో, పాన్‌లో, పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే రాయాలి, సాఫ్ట్‌వేర్ సూచనను బట్టి కాదు. పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్ టు డిక్షనరీ’ కొడితే గీత పోతుంది. కల్యాణ మంటపమా, మండపమా అన్నది కూడా అంతే, హాలు బోర్డు మీద ఎలా ఉంటే అలా. కర్ణాటకలో కొన్ని ఊళ్ళ ఇంగ్లీషు పేర్లు 2014 నవంబరు 1న మారాయి. బెంగళూరు, మైసూరు, బెళగావి, హుబ్బళ్ళి కొత్త రూపాలకి గీత పడితే వాటినీ చేర్చుకోండి. డీటీపీ షాపుల్లోనూ, పదిమంది వాడే కంప్యూటర్లలోనూ ఇంకో ప్రమాదం ఉంది. గీత పోతే చాలని ఎవరో తప్పు మాటల్ని కూడా డిక్షనరీలో చేర్చేసి ఉంటారు. ఆప్షన్స్, ప్రూఫింగ్, ‘కస్టమ్ డిక్షనరీస్’, ‘ఎడిట్ వర్డ్ లిస్ట్’ తెరిచి చూసి, చెత్త తీసేసి పని మొదలుపెట్టండి.

డబ్బు పెట్టలేనివాళ్ళకి లిబ్రెఆఫీస్ దివ్యంగా సరిపోతుంది. లోపల పనిచేసేది హన్‌స్పెల్ అనే ఉచిత చెకర్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఉన్నదీ అదే. హంగేరీ భాష కోసం మొదలైంది కాబట్టి ప్రత్యయాల్ని బాగా సంభాళిస్తుంది. మూల పదాలు ఒక ఫైల్లో, వాటికి తగిలే తోకలు ఇంకో ఫైల్లో ఉంటాయి. ఎఫ్ రాస్తే పి హెచ్ కూడా వేసి చూడమనే తరహా జతలు ఆ రెండో ఫైల్లోనే ఉన్నాయి, చెవిని బట్టి రాసేవారికి అవి అక్కరకొస్తాయి. వెలివేత జాబితా ఇందులో వర్డ్ కంటే చాలా సులువు: ఆప్షన్స్‌లో ‘రైటింగ్ ఎయిడ్స్’, కొత్త డిక్షనరీ, ‘ఎక్సెప్షన్’ టిక్, మాటలు చేర్చడం, అంతే. ‘చెక్ అప్పర్‌కేస్ వర్డ్స్’ కూడా అక్కడే ఉంది. సందర్భం చూసే తెలివి మాత్రం దీనికి లేదు.

ఆ తెలివిలో గూగుల్ డాక్స్ ముందుంది. ‘ఫ్రమ్’ బదులు ‘ఫామ్’ పడితే చాలాసార్లు పట్టేస్తుంది. ఫైల్, లాంగ్వేజ్‌లో భాష సరిచేసి, కంట్రోల్ ఆల్ట్ ఎక్స్ కొట్టి వరుసగా చూసుకోవచ్చు. టూల్స్, ప్రిఫరెన్సెస్‌లో ‘ఆటోమేటికల్లీ కరెక్ట్ స్పెల్లింగ్’ టిక్‌ని పేర్లు ఎక్కువున్న పనికి తీసెయ్యండి. అడగకుండా మార్చే చెకర్ కంటే గీత పెట్టి ఊరుకునే చెకరే మేలు. పాత చెకర్ల డిక్షనరీలో ‘కోఆపరేషన్’ హైఫన్‌తో మాత్రమే ఉన్న రోజుల్లో, హైఫన్ లేకుండా రాసినవాళ్ళకి కాలిఫోర్నియాలోని ‘కూపర్టినో’ ఊరి పేరు సూచనగా వచ్చింది. అది అలాగే ఒప్పుకోవడంతో ఐక్యరాజ్యసమితి, ఐరోపా సమాఖ్య పత్రాల్లోకి కూడా ఎక్కింది. ఫోన్ కీబోర్డులది ఇదే జబ్బు, ఇంకా ఎక్కువ. వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్ళు ఆటో కరెక్షన్ కట్టేసుకోవడం మంచిది. గూగుల్ వారి ఫోన్ కీబోర్డు జీబోర్డ్ నేర్చుకున్న తప్పు మాట సూచనల్లో వస్తే దాన్ని నొక్కిపట్టి చెత్తబుట్టలోకి లాగండి.

ఆఫీసు కాగితాలు రాసేవాళ్ళు చూడాల్సింది ఇంకొకటుంది. క్రోమ్‌లో సెట్టింగ్స్, లాంగ్వేజెస్ కింద స్పెల్ చెక్ రెండు రకాలు. ‘బేసిక్’ మీ కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. ‘ఎన్‌హాన్స్‌డ్’ పెడితే మీరు టైప్ చేసింది గూగుల్ సర్వర్లకి వెళ్తుంది. ఆన్‌లైన్ చెకర్ గ్రామర్లీ కూడా టెక్స్టుని తన సర్వర్లలోనే చూస్తుంది. సందర్భం పట్టడంలో రెండూ గట్టివే. కానీ క్లయింటు ఒప్పందాలు, జీతాల లెటర్లు, రోగుల రిపోర్టుల లాంటివాటికి ‘బేసిక్’ ఉంచి, వర్డ్‌లో గానీ లిబ్రెఆఫీస్‌లో గానీ వెలివేత జాబితాతో సరిచూసుకోండి.