మెరక ప్లాటులో బకెట్టు నీళ్లు ఇంకాయని నమ్మి బయానా ఇవ్వకండి

కోనసీమ వైపు ఇంటి స్థలం కొనబోతున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. ముఖ్యంగా దాళ్వా (రెండో పంట) కోతలయ్యి, కాలువలు కట్టేసిన మే నెలలో ప్లాట్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు.

అమలాపురానికి దగ్గర్లో ఒక లేఅవుట్లో ఐదు సెంట్లు కొన్నాం. అంతకు ముందు ఏడు దాకా అది వరి చేనే. గ్రావెల్ తోలి మెరక చేసి, రోడ్లు వేసి, రాళ్లు పాతారు. ఊళ్లో డ్రైనేజీ లైను లేదు కాబట్టి మా ఆయన ముందే అడిగారు, "సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకుతాయా అండీ ఇక్కడ?" అని. మధ్యవర్తి ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టున్నాడు. రెండడుగుల గొయ్యి తవ్వి రెడీగా ఉంది. అందులో బకెట్టు నీళ్లు కుమ్మరించి, "టీ తాగొచ్చేలోపు చుక్కుంటే నన్నడగండి మేడం గారూ" అన్నాడు. వచ్చి చూస్తే నిజంగానే చుక్క లేదు. ఆ సాయంత్రమే బయానా ఇచ్చేశాం.

మరుసటి ఏడు శ్రావణంలో గృహప్రవేశం. వినాయక చవితి నాటికి బాత్రూంలో నీళ్లు పోస్తే బుడబుడమని చప్పుడు. దసరాకి చుట్టాలొచ్చిన రోజున నీళ్లు కిందికి దిగడం మానేసి పైకి రావడం మొదలెట్టాయి. ఆ రోజు మా ఇంట్లో పడ్డ అవస్థ రాయను, మీరే ఊహించుకోండి. ట్యాంకరు పిలిపించి మొత్తం లాగించాం. మర్నాడు మూత తీసి చూస్తే సగం దాకా నీళ్లు, అదీ తేటగా! నలుగురం ఒక్క రాత్రిలో అన్ని నీళ్లు ఎక్కడ వాడతాం? రెండోసారి వచ్చిన ట్యాంకరు అబ్బాయి నవ్వేశాడు. "ఇది ట్యాంకు కాదు అమ్మగారూ, ఊటబావి. నేనెన్ని ట్రిప్పులు లాగితే మాత్రం గోదారి ఖాళీ అవుద్దా?"

సివిల్ ఇంజనీరింగ్ చదివిన మా మేనల్లుడు ఆ దసరా సెలవులకి వచ్చినప్పుడు రెండే ప్రశ్నలడిగాడు. "అత్తా, ఆయన చూపించిన గొయ్యి ఎంత లోతు?" రెండడుగులు. "మెరక ఎంత తోలారు?" మూడడుగులు. ఆపైన వాడేమీ అనలేదు, నాకే అర్థమైంది. ఆ బకెట్టు నీళ్లు తాగింది లారీల్లో వచ్చిన గ్రావెల్. మేం కొన్న భూమి ఇంకో అడుగు కింద నల్లటి బంకమట్టిలా పడుంది.

పైగా అది మే నెల. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఈ సీమలో భూమి లోపలి నీళ్లు కూడా కాలువల లెక్క ప్రకారమే నడుస్తాయి. కాలువలు కట్టేస్తే దిగిపోతాయి. సార్వాకి (వానాకాలం పంటకి) నీళ్లు వదిలి, చుట్టూ చేలల్లో నాట్లు పడి, పైన వానలు కూడా తోడైతే పైకి వచ్చేస్తాయి. ఆ సెలవుల్లోనే మా మేనల్లుడు పెరట్లో తవ్వించాడు. నాలుగడుగులు దిగేసరికి పక్కల నుంచి ఊట. మన నీళ్లు ఎక్కడికి ఇంకాలి?

వేసవిలో, కాలువలు కట్టాక, అసలు పరీక్ష కూడా చేశాడు. సెప్టిక్ ట్యాంకులకి ఐఎస్ 2470 అని భారతీయ ప్రమాణం ఉంది, దాని రెండో భాగంలో పద్ధతంతా రాసి ఉంటుంది. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు భూమిలోకి దిగే ఇంకుడు గుంత అడుగు ఎంత లోతులో వస్తుందో అంత లోతుకి నాలుగంగుళాల వెడల్పున సన్నటి గుంట దింపాలి. పార తగిలిన చోట బంకమట్టి అద్దంలా నున్నబడిపోతుంది, ఆ పక్కలు గీకాలి. అడుగున రెండంగుళాలు సన్న కంకర, దాని మీద అడుగు ఎత్తు నీళ్లు. తగ్గినప్పుడల్లా పోస్తూ రాత్రంతా నాననివ్వాలి. ఇది వదిలేస్తే అంతా దండగే. ఎండిన మట్టి నెర్రెల్లోంచి మొదటి బకెట్టు ఎలాగూ మాయమైపోతుంది. మట్టి తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక అసలు సంగతి బయటపడుతుంది. మర్నాడు కంకర మీద ఆరంగుళాల మట్టం ఉంచి, అరగంటలో ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడాలి.

మాది అరగంటకి ఐదు మిల్లీమీటర్లు. అంటే 25 మిల్లీమీటర్లు దిగడానికి రెండున్నర గంటలు. ఆ ప్రమాణం ప్రకారం 25 మిల్లీమీటర్లు 30 నిమిషాల్లోపు దిగితేనే ఇంకుడు గుంత. 60 నిమిషాల దాకా అయితే నీళ్లు ఇంకడానికి పొడుగాటి ట్రెంచీలు (కందకాలు). 60 దాటితే భూమిలోకి వదలాలన్న ఆశే పెట్టుకోకూడదు. నీటి మట్టం నేలకి 1.8 మీటర్ల లోపుంటే మట్టి మంచిదైనా ట్రెంచి నేల మీద దిబ్బలా కట్టుకోవాల్సిందే. మా మేస్త్రికి ఇవేం తెలియవు పాపం, అందరికీ దింపినట్టే మాకూ ఇంకుడు గుంతకని ఆరు సిమెంటు ఒరలు దింపేశాడు.

గోదారి పాయల మధ్యనున్న లంక భూముల్లో కొనేవాళ్లకి కథ తిరగబడుతుంది. అక్కడ ఇసుక, నీళ్లు గటగటా తాగేస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆ తాగిన మురుగు పక్కనున్న బోరులోకి చేరితే? ఇంకుడు గుంత నుంచి తాగే నీళ్ల బావికైనా బోరుకైనా కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. ఐదు సెంట్ల ప్లాట్లలో మీ గుంతకీ పక్కవాళ్ల బోరుకీ మధ్య ఎంతుంటుందో టేపు పెట్టి కొలిచి చూడండి.

మేం చివరికి ట్యాంకు లోపల ఊట రాకుండా ప్లాస్టరింగ్ చేయించి, నేల మీదికి వచ్చేలా అప్‌ఫ్లో ఫిల్టర్ (నీళ్లు కింది నుంచి పైకి వడకట్టుకుంటూ వచ్చే తొట్టి) కట్టించి, దాన్నుంచి వచ్చే నీళ్లు అరటి చెట్లకి వదిలాం. గేటుకని దాచిన డబ్బులు దానికే పోయాయి. గేటు స్థానంలో ఇప్పటికీ తాటాకు తడికే ఉంది.

మీరు చూడబోయే ప్లాటు మెరక ఎంతో అమ్మేవాళ్లని అడగొద్దు. పక్కన ఇంకా చేనుగా ఉన్న గట్టు మీద నిలబడి చూస్తే అదే తెలుస్తుంది. కుదిరితే ఆశ్వయుజంలో మళ్లీ ఒకసారి వెళ్లి, దగ్గర్లో ఉన్న బావిలోకి తొంగి చూడండి.

మా లేఅవుట్లో ప్లాట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. పోయిన ఆదివారం ఒక జంట పెద్దవాళ్లని వెంటబెట్టుకుని కారులో వచ్చారు. గొయ్యి రెడీ, బకెట్టు రెడీ. నేను తడిక తోసుకుని వెళ్లి, ఆ పెద్దాయనతో, "బాబాయ్ గారూ, ఆ గొయ్యి ఇంకో రెండడుగులు తవ్వించి అప్పుడు పొయ్యమనండి" అన్నాను. మధ్యవర్తి నా వంక చూసిన చూపు చూడాలి. పారేదో కనపడట్లేదన్నాడు. మా ఇంట్లోది తెచ్చిచ్చాను.