ఆడవాళ్ల కట్ వెస్టు, క్యారియర్, వంపు బెల్టు: పాతికేళ్ల సర్వీసుకు ఏది నిలుస్తుంది

తీర్పు ముందే చెప్పేస్తాం. ఆడవాళ్ల ఒంటి తీరును బట్టి కుట్టిన బుల్లెట్‌ప్రూఫ్ వెస్టు, దాని మీద తొడిగే సామాన్ల క్యారియర్, తుంటి వంపుకు ఒదిగే డ్యూటీ బెల్టు, మూడూ కొనదగ్గవే. ఒక్కటే కొనే వీలుంటే వెస్టు కొనండి. కొలతలు తీసేవాళ్లకు పని తెలియకపోతే మాత్రం ఏదీ కొనొద్దు. తప్పు కొలతతో కుట్టిన ఆడవాళ్ల వెస్టు కన్నా వదులుగా ఉన్న మామూలు వెస్టే నయం.

ఇరవైల్లో పోలీసు ఉద్యోగంలో చేరిన మనిషి యాభైల్లో రిటైరయ్యేదాకా షిఫ్టుకు 8 నుంచి 12 గంటలు మోసే సరంజామా ఇది. వెస్టు 2 నుంచి 3 కిలోలు. తుపాకీ, మ్యాగజైన్లు, బేడీలు, రేడియో, లాఠీ, టార్చి తగిలించిన బెల్టు సులువుగా 5 కిలోలు దాటుతుంది, కొందరికి 9 దాకా పోతుంది. మగవాళ్ల ప్యాటర్న్‌నే చిన్నగా కత్తిరించి లేడీస్ అని ముద్ర కొట్టిన సరుకు ఇంకా దొరుకుతూనే ఉంది. దాన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. వెస్టు తొడుగు జిప్పు తీసి, లోపలి ముందు ప్యానెల్‌ని, అంటే గుండును ఆపే పీచు పొరల పలకను, బల్ల మీద పరచండి. చాపలా పరుచుకుంటే ఫ్లాట్ కట్. ఛాతీ దగ్గర గిన్నెలా లేచి నిలబడితే స్ట్రక్చర్డ్ కట్. లేబుల్ మీద ఏం రాసినా బల్ల అబద్ధం చెప్పదు.

ఛాతీ నిండుగా ఉన్నవాళ్ల మీద ఫ్లాట్ ప్యానెల్ డేరా గుడ్డలా నిలబడుతుంది. రొమ్ము కింద ఖాళీ మిగులుతుంది, చంక పక్కన అంచు నోరు తెరుచుకుంటుంది. పక్క నుంచి వచ్చే గుండుకు ఊపిరితిత్తుల్లోకి దారి అదే. ఆ నోరు మూయాలని పక్క పట్టీలు బిగిస్తే ఛాతీ నలిగి ఊపిరి పూర్తిగా అందదు. పరుగు తీసినప్పుడు, మెట్లెక్కినప్పుడు ముందుగా తెలిసేది అదే. స్ట్రక్చర్డ్ కట్ ఈ రెండు ఇబ్బందుల్నీ తీరుస్తుంది, కానీ దాని బాధలు దానికున్నాయి. టైలర్ డాట్లు వేసినట్టు కత్తిరించి కుట్టిన రకంలో కుట్టు బలహీనం కాకుండా పొర మీద పొర ఎక్కిస్తారు. వేలితో నొక్కి చూస్తే అక్కడ గట్టు తగులుతుంది. ఆ గట్టు బ్రా వైరు మీద పడిందంటే సగం షిఫ్టు కాకుండానే చర్మం ఒరుసుకుపోతుంది. మడిచి లేదా అచ్చులో నొక్కి వంపు తెచ్చిన రకంలో గట్టు ఉండదు, అయితే ఒంటి ఆకారం మారితే దానితో సర్దుకోవడం కష్టం. ఏ, బీ కప్పుల వాళ్లు మెత్తని ఫ్లాట్ కట్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. వాళ్లకు గిన్నె ఆకారం వెనక ఖాళీ మిగిలితే అదో కొత్త సమస్య.

ఇక కొలతలు. సగం ఫిర్యాదులు పుట్టేది ఇక్కడే. రోజూ డ్యూటీకి వేసుకునే బ్రా, దాని మీద పల్చటి టీషర్టు వేసుకునే కొలవాలి. స్పోర్ట్స్ బ్రాతో కొలిపించుకుని ప్యాడెడ్ బ్రాతో డ్యూటీ చేస్తే ఒక సైజు తేడా వచ్చేస్తుంది. ఎవరి కొలత వాళ్లు తీసుకోకూడదు, చెయ్యి లేచిందంటే ఛాతీ కొలత మారుతుంది. రొమ్ము నిండుగా ఉన్న చోట ఒకటి, రొమ్ము కింద ఒకటి, బొడ్డు దగ్గర ఒకటి: ఈ మూడు చుట్టుకొలతలూ ఫారంలో విడివిడిగా ఉండాలి. ఛాతీ, నడుము రెండే గళ్లు ఉన్న ఫారం వచ్చిందంటే ఆ కంపెనీ దగ్గర ఆడవాళ్ల ప్యాటర్న్ లేనట్టే అనుకోండి.

పొడవు నిలబెట్టి కొలుస్తారు. అదే అసలు తప్పు. ముందు పొడవు కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు కట్టించి తీయాలి. గొంతు గుంటకు రెండు వేళ్ల కింద మొదలుపెట్టి బెల్టు పై అంచు దాకా. వెస్టు తొడుక్కుని నిలబడినప్పుడు ప్యానెల్ కింది అంచుకీ బెల్టుకీ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం కనిపించాలి. కూర్చుంటే ఆ ఎడం మూసుకుపోతుంది. నిలబడినప్పుడే అంచు బెల్టును తాకుతుంటే, కారులో కూర్చోగానే బెల్టు వెస్టును పైకి తోస్తుంది, పై అంచు గొంతులో గుచ్చుకుంటుంది. అప్పుడు చాలామంది చేసే పని, భుజం పట్టీలు వదులు చేయడం. దాంతో వెస్టు మొత్తం కిందికి జారి గిన్నెల వంపు ఉండాల్సిన చోట ఉండదు, పైన గుండె భాగం బయటపడుతుంది. పట్టీలతో సర్దే రోగం కాదది. పొడవు తక్కువ ప్యానెల్ ఆర్డర్ చేయాలి.

పక్కల్లో ముందు ప్యానెల్ వెనక ప్యానెల్ మీదికి రావాలి, 3 నుంచి 5 సెంటీమీటర్లు. వెనకది ముందుదాని మీదికి ఎక్కేలా కట్టుకునేవాళ్లున్నారు. ఎదుటి నుంచి వచ్చేదానికి అతుకు నోరు తెరిచి పెట్టినట్టే. భుజం పట్టీలు వెస్టును స్థానంలో నిలపడానికే తప్ప బరువు వేలాడదీయడానికి కాదు. పక్క పట్టీలు బిగించాక గట్టిగా ఊపిరి పీల్చి చూడండి. ప్యానెల్ కింద అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు.

సరుకు చేతికొచ్చిన రోజు ట్యాగులు తీయకముందే చేయాల్సిన పరీక్షలు నాలుగు. కారు ఎక్కి సీటు బెల్టు పెట్టుకుని, రివర్స్ చేస్తున్నట్టు వెనక్కి తిరిగి చూడండి. నేల మీద పడిన తాళంచెవిని వంగి తీయండి. రెండు చేతులూ చాచి తుపాకీ గురిపెట్టినట్టు నిలబడండి. మోకాలి మీద కూర్చుని లేవండి. మూడో పరీక్షలో చంక దగ్గర అంచు చేతుల్ని అడ్డుకుంటే ప్యానెల్ పైభాగం భుజాలకు వెడల్పెక్కువ అని అర్థం. మగ ప్యాటర్న్‌ను చిన్నది చేసి కుట్టిన వెస్టులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

లెవెల్, అంటే వెస్టు ఎంత బలమైన గుండును ఆపగలదన్న స్థాయి, దాని గురించి జనం అడిగినంత మేం చెప్పం. అమెరికాకు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్, అంటే ఎన్‌ఐజే, 2023 నవంబరులో 0101.07 ప్రమాణం విడుదల చేసింది. పాత లెవెల్ 2, 3ఏ ల స్థానంలో హెచ్‌జీ1, హెచ్‌జీ2 పేర్లు వచ్చాయి. రెండింట్లో పైది హెచ్‌జీ2. అంటే సెకనుకు 448 మీటర్ల వేగంతో వచ్చే 9 ఎంఎం, 436 మీటర్ల వేగంతో వచ్చే .44 మ్యాగ్నం గుళ్లను ఆపాలి. ఆపితే చాలదు, పరీక్షలో ఒంటికి బదులు వెస్టు వెనక పెట్టే బంకమట్టిలో పడే గుంట 44 మిల్లీమీటర్లు దాటకూడదు. చదును మట్టి మీద గిన్నె ఆకారం ప్యానెల్ పెడితే వెనక బోలు మిగులుతుంది, అందుకే ఆ వంపు మేరకు మట్టి నింపి కాల్చాలి. ఆడవాళ్ల వెస్టుల పరీక్షను మెరుగుపరచడం ఈ కొత్త ప్రమాణం చేసిన మంచి పనుల్లో ఒకటి. రైఫిల్ గుండును ఏ మెత్తటి వెస్టూ ఆపదు. కత్తిపోటుకు ప్రమాణమే వేరు, లేబుల్ మీద అది విడిగా రాసి ఉండాలి. అన్నట్టు, కెవ్లార్‌గా మారిన పీచును 1965లో డ్యూపాంట్ ప్రయోగశాలలో కనిపెట్టింది స్టెఫనీ క్వాలెక్ అనే మహిళ. ఆ పీచుతో కుట్టిన వెస్టులు ఆడవాళ్ల ఒంటికి కుదరడానికి ఎంత కాలం పట్టిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

హెచ్‌జీ2 మందంగా ఉందని లాకర్లో పెట్టి డ్యూటీకి పోయేదానికన్నా హెచ్‌జీ1 ఒంటి మీద ఉండటం మేలు. మా లెక్క అంతే.

బయట తొడిగే క్యారియర్ వల్ల బెల్టు బరువులో సగం దాకా మొండేనికి మారుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఈ సెట్టులో వెంటనే తేడా తెలిసేది దీంతోనే. కాకపోతే పౌచులన్నీ ఛాతీ మీద కుట్టిన మోడల్ ఆడవాళ్లకు పనికిరాదు. వంపు మీద కూర్చున్న మ్యాగజైన్ పౌచు ముందుకు పొడుచుకొస్తుంది, దాని మీదుగా చెయ్యి అవతలి పక్కకు అందదు, కింద ఏముందో కనిపించదు. పౌచులు రొమ్ము కింది గీత దిగువన ఉండాలి, లేదా ఎక్కడైనా తగిలించుకునేలా పట్టీల వరసలుండాలి. రేడియో ఒక పక్కన పెడితే దాదాపు అంతే బరువు రెండో పక్కన పెట్టండి, లేకపోతే ఒక భుజమే నొప్పి పెడుతుంది. వీపు మీద నడుము గుంటలో ఏ గట్టి వస్తువూ వద్దు. వెల్లకిలా పడితే వెన్నుపూసకు తగిలేది అదే.

బెల్టు సంగతి. తిన్నటి బెల్టును శంకువు లాంటి నడుముకు చుడితే పై అంచు వదులు, కింది అంచు కోత. ఆ కింది అంచు తుంటి ఎముక ముందు భాగాన్ని గంటల తరబడి నొక్కితే తొడ బయటి వైపు తిమ్మిరి, మంట మొదలవుతాయి. తొడ చర్మానికి వెళ్లే నరం నలగడం వల్ల వచ్చేది అది. తొడలో జబ్బేమీ ఉండదు. వంపు బెల్టును బల్ల మీద పెడితే చిరునవ్వులా వంగి కనిపిస్తుంది. అదే పక్క పైకి వచ్చేలా కట్టుకోవాలి, తిరగేస్తే తిన్నటి బెల్టు కన్నా అన్యాయం. ప్యాంటు లూపులు కూడా చూసుకోండి. డ్యూటీ బెల్టు కింద లూపుల్లో తొడిగే 38 మిల్లీమీటర్ల వెడల్పు లోపలి బెల్టు దూరని లూపులతో ఆడవాళ్ల యూనిఫాం ప్యాంట్లు వస్తుంటాయి.

తుంటి వెడల్పు వల్ల హోల్‌స్టర్ (తుపాకీ ఒర) కింది భాగం బయటికి తన్నుకుని, పిడి పక్కటెముకల్లోకి వాలుతుంది. దీనికి మందు కిందికి దించి, కాస్త బయటికి జరిపిన హ్యాంగర్, అంటే ఒరను బెల్టుకు తగిలించే ముక్క. రెండు అంగుళాలకు మించి దించితే పరుగులో తొడను కొడుతుంది, కారు సీటుకు తగులుతుంది. పిడి వెనక మార్చుకునే ముక్కలున్న పిస్టల్ అయితే చిన్నదే వేయండి. ట్రిగ్గర్ అందడం కోసం చెయ్యి పక్కకు తిప్పాల్సి వస్తుందంటే పిడి ఇంకా లావుగా ఉన్నట్టే.

ఎవరూ రాయని ఒక విషయం, బాత్రూం. లోపలి బెల్టుకూ బయటి బెల్టుకూ మధ్య నాలుగు కీపర్లు (రెండు బెల్టుల్నీ కలిపి పట్టే చిన్న పట్టీలు) విప్పి, తొమ్మిది కిలోలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుని, మళ్లీ అన్నీ బిగించుకోవడం ఎందుకని చాలామంది షిఫ్టులో నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్లకు, ఎండలో కళ్లు తిరగడానికి అదో దారి. వెల్‌క్రో లోపలి బెల్టు, అయస్కాంతపు కీపర్లు ఉన్న సెట్టు ఈ ఒక్క కారణానికే డబ్బు రాబట్టుకుంటుంది. బరువు సగం క్యారియర్లోకి వెళ్లిపోతే విప్పాల్సిందే తక్కువ. తుపాకీని మాత్రం తలుపు కొక్కేనికి తగిలించకండి. హోల్‌స్టర్లోనే ఉంచి, కిందికి దించిన ప్యాంటులో కాళ్ల మధ్య పెట్టుకోవడం పాత పద్ధతే అయినా మర్చిపోయే అవకాశం లేని పద్ధతి.

వాడకంలో పాడయ్యేది పీచు కన్నా ముందు ప్యానెల్‌ని కప్పిన కవరు. లోపలి ప్యానెల్‌ని వాషింగ్ మెషిన్లో వేయకూడదు, బ్లీచ్ వద్దు, ఎండలో ఆరేయొద్దు. తడిగుడ్డతో తుడిచి నీడలో బల్ల మీద పరచాలి. పైన తొడుగును మాత్రం ప్యానెళ్లు తీసేసి, వెల్‌క్రోలు మూసి చేత్తో ఉతకండి. మేకుకు వేలాడదీస్తే గిన్నె ఆకారం సాగి కిందికి దిగుతుంది. కారు డిక్కీలో వదిలేసినా అంతే. అంచు చిరిగితే చెమట లోపలికి పోతుంది. తేమకు పీచు బలం తగ్గుతుందని తేలాకే 2005లో జైలాన్ అనే పీచు వాడిన మోడళ్లకు ఎన్‌ఐజే గుర్తింపు ఆపేసింది. ఇప్పటి వెస్టులను 65 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో 10 రోజులు డ్రమ్ములో తిప్పాకే కాలుస్తారు. అయినా చిరిగిన కవరుకు సెల్లోటేపు వేసి నడిపించడం పనికిరాదు, తనిఖీకి పంపండి. ఉతికాక ప్యానెల్ తిరగేసి దూర్చడం మరో మామూలు పొరపాటు. ఒంటి వైపు ఏదో ప్యానెల్ మీదే రాసి ఉంటుంది.

వారంటీ సాధారణంగా 5 ఏళ్లు. ఒళ్లు అన్నాళ్లు ఆగదు. బరువు 5 కిలోలు అటూ ఇటూ అయినా, కప్పు సైజు మారినా, ఛాతీకి ఆపరేషన్ అయినా మళ్లీ కొలిపించాలి. గర్భిణికి పక్కల్లో పొడిగించే ముక్కలున్న క్యారియర్ అడగండి. పొట్ట మీద పట్టీలు బిగించి సర్దుకోకూడదు. పాలిచ్చే నెలల్లో గట్టి గిన్నె అంచు రొమ్మును నొక్కితే పాలు గడ్డకట్టి వాపు వస్తుంది, ఆ కొన్ని నెలలకు మెత్తని ఫ్లాట్ ప్యానెల్ విడిగా ఇప్పించడమే దారి. కొత్త స్ట్రక్చర్డ్ వెస్టుకు కొలత పాలు మానిపించాకే ఇవ్వండి. ఆర్డర్ చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఆ మధ్య కాలానికి స్టోర్స్‌లో రెండు మూడు సైజుల స్పేర్ ప్యానెళ్లు ఉన్నాయో లేదో ముందే అడిగి పెట్టుకోండి. ఇచ్చినప్పుడు లేబుల్ మీద తయారీ తేదీ చూసే తీసుకోండి, స్పేర్ అంటే చాలా చోట్ల గడువు తీరినవే.